‘వరసైనవాడే కదా!’: గోదావరి లంక ఊరి కేసు ఒకటి, కౌన్సెలర్ నోట్సు నుంచి

ముందు పేరు సంగతి. అత్యాచార బాధితురాలి ఆనవాళ్ళు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పాత శిక్షాస్మృతిలో 228-ఏ పేరుతో 1983లో వచ్చిన నిబంధనే ఇది. అందుకని ఊరు, పని, నెలలు, చుట్టరికాల్లో కొన్ని మార్చాను. కేసు నడిచిన తీరు మాత్రం మార్చలేదు. రాసినదంతా ఆమెకు చదివి వినిపించాను. వద్దన్న రెండు పేరాలు తీసేశాను. మారుపేరు ఏం పెట్టమంటావని అడిగితే, “పేపర్లో పెట్టే పెద్ద పెద్ద పేర్లు వద్దండి. మా వైపు ఇంటికో లక్ష్మి ఉంటుంది కదా, అదే పెట్టేయండి” అంది. కాబట్టి ఇక్కడ ఆమె లక్ష్మి.

నేను గోదావరి డెల్టాలో సఖి కేంద్రం కౌన్సెలర్‌ని. హింసకు గురైన ఆడవాళ్ళకు వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, అయిదు రోజుల దాకా తలదాచుకునే చోటు ఒకే కప్పు కింద దొరకాలని కేంద్ర ప్రభుత్వం 2015 ఏప్రిల్ 1 నుంచి నడుపుతున్న పథకం ఇది. మా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం మొగుడి దెబ్బలవి, అత్తింటి గొడవలవి. అత్యాచారం కేసులు తక్కువగా వస్తాయి. జరగడం తక్కువ కాదు, మా దాకా రావడం తక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) లెక్క చూడండి: శారీరకంగానో లైంగికంగానో హింసకు గురైన మహిళల్లో సాయం అడిగినవాళ్ళు 14 శాతం. 77 శాతం మంది అసలు ఎవరికీ చెప్పుకోలేదు. లక్ష్మి కేసులో చెప్పుకోవడం జరిగింది. చెప్పుకున్నాక ఏం జరిగిందన్నదే ఈ కేసు.

కేసు వచ్చిన తీరు

లక్ష్మికి 23 ఏళ్ళు. డిగ్రీ అయ్యాక రొయ్యల ప్లాంటులో గ్రేడింగ్ పనికి చేరింది. కంపెనీ వ్యాను తెల్లవారుజామున ఎక్కించుకుని, చీకటి పడ్డాక కాలవ వంతెన దగ్గర దించుతుంది. అక్కడి నుంచి ఇల్లు రెండు కిలోమీటర్లు. గట్టు మీద దారి. ఒక పక్క కొబ్బరి తోటలు, రెండో పక్క రొయ్యల చెరువులు. తల్లి ఆరేళ్ళుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. కోనసీమలో తల్లి గల్ఫ్‌లో, పిల్లలు ఇక్కడ అన్న ఇళ్ళు చాలానే కనపడతాయి. తండ్రి కొబ్బరికాయల ఒలుపు పనికి వెళతాడు. ఇంట్లో నాయనమ్మ ఉంటుంది.

2024 నవంబరులో ఒక సాయంత్రం వాన పట్టింది. వంతెన దగ్గర దిగేసరికి బావ వరసయ్యే ఒకతను బండి ఆపి ఎక్కమన్నాడు. మేనత్త తోడికోడలి కొడుకు. చిన్నప్పటి నుంచి వాళ్ళింట్లో తిరిగినవాడు. చెరువు గట్టు మీద మోటారు షెడ్డు దగ్గర బండి ఆపాడు. జరిగిన దాని గురించి ఇక్కడ ఇంతకు మించి రాయను. రాయాల్సిన చోట, మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలంలో, అది ఉంది.

ఆ రాత్రే నాయనమ్మకు చెప్పింది. నాయనమ్మ తండ్రికి చెప్పింది. తండ్రి తెల్లవారి మేనత్త ఇంటికి వెళ్ళాడు. అక్కడి నుంచి విషయం కులపెద్దల దగ్గరికి చేరింది. పెద్దలు మూడు రోజులు వరసగా కూర్చున్నారు. తర్వాత స్టేషన్‌కి వెళ్తే, “చుట్టాలే కదా, మీలో మీరు మాట్లాడుకోండి, కుదరకపోతే చూద్దాం” అని పంపేశారు. పందొమ్మిదో రోజున ప్లాంటులో లక్ష్మి పక్కన నిలబడి పనిచేసే ఒకావిడ 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. నాలుగు సెలవులు దాటితే పేరు కొట్టేస్తారు కదా, ఎందుకు రావట్లేదో కనుక్కుందామని ఇంటికి వెళ్తే, గుమ్మంలోనే నాయనమ్మ “పిల్లకి ఒంట్లో బాలేదు” అందట. లోపల గోడ వైపు తిరిగి పడుకున్న లక్ష్మిని చూసి ఆవిడకు అర్థమైపోయింది.

మొదటి రోజు నేను చేసిన తప్పు

ఇది రాయకుండా మిగతాది రాయడం నిజాయితీ అనిపించుకోదు. పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. కొత్తగా చేరిన కౌన్సెలర్లకు శిక్షణ ఇస్తాను. అయినా ఆ రోజు ఫారం నింపుతూ, ఘటన వివరాల గడి దగ్గర, “అంత చీకట్లో అతని బండి ఎందుకు ఎక్కావమ్మా?” అని అడిగాను.

నా ఉద్దేశం వరస క్రమం తెలుసుకోవడమే. ఆమెకు వినపడింది వేరు. ఒళ్ళో ఉన్న చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ ఉన్నదల్లా ఆగిపోయింది. ఆ తర్వాత నలభై నిమిషాలు “ఆయ్”, “లేదండి” తప్ప మాట రాలేదు. “అక్కడి నుంచి ఏం జరిగిందో నీకు చెప్పాలనిపించినంత చెప్పు” అని ఉంటే సరిపోయేది. అదే క్రమం తెలిసేది. ‘ఎందుకు’ అన్న ఒక్క మాట చేరేసరికి ప్రశ్న బోనులో నిలబెట్టినట్టు అయింది.

పెద్దలు కూర్చున్న మూడు రోజులు

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది ఇదే. అత్యాచారం జరిగాక 72 గంటల్లోపు మొదలుపెడితేనే హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు పనికొస్తాయి. 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా వేసుకునే మాత్రకు గడువు 120 గంటలు, అది కూడా ఎంత ముందు వేసుకుంటే అంత మేలు. శరీరం మీద దొరికే సాక్ష్యం గంటగంటకీ చెదిరిపోతూ ఉంటుంది. ఎఫ్ఐఆర్ ఉన్నా లేకున్నా, ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా, వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని చట్టం. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో అది 397వ సెక్షన్. చేయకపోతే ఆసుపత్రి బాధ్యులకు శిక్ష కూడా ఉంది.

ఆ మూడు రోజులూ రామాలయం అరుగు మీద టీలు తాగుతూ మాట్లాడుకున్నది డబ్బు ఎంత అని, ముహూర్తం ఎప్పుడని. లక్ష్మి అక్కడ లేదు. ఆమెను ఎవరూ పిలవలేదు. ఆసుపత్రి మాట ఒక్కరి నోటి వెంట రాలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. అందులో ఒకాయన తన మనవరాలికి కుక్క కరిస్తే అర్ధరాత్రి పంటు దాటించి ఇంజెక్షన్ వేయించుకొచ్చిన మనిషి. లక్ష్మి విషయంలో మాత్రం గాయపడింది పిల్ల అని ఆయనకు తట్టలేదు. గాయపడింది పరువు అనుకున్నాడు. పరువుకి ఆసుపత్రి అక్కర్లేదు కదా.

లక్ష్మికి గర్భం రాలేదు. హెచ్ఐవీ పరీక్ష మా దగ్గరికి వచ్చిన రోజు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి చేయించాం. రెండుసార్లూ నెగెటివ్. మధ్యలో ఆ మూడు నెలలు ఆమె పడ్డ టెన్షన్ ఎవరి లెక్కలోనూ లేదు.

వరస

మన వాళ్ళలో ‘వరస’ అనేది పెద్ద మాట. మేనరికం, బావామరదళ్ళ సరసం, పండక్కి రంగులు, పెళ్ళిళ్ళలో ఆటపట్టించడం, ఇవన్నీ మన ఇళ్ళ సందడిలో భాగం. కానీ ఆ వరస ఉన్నవాడికి ఆ పిల్ల మీద సగం హక్కు ముందే ఉన్నట్టు ఒక అభిప్రాయం అడుగున నిలిచిపోయింది. “బయటివాడు కాదుగా, వరసైనవాడే కదా! రెండు అక్షింతలు వేసేస్తే సరిపోయేదానికి రచ్చ ఎందుకు?” పెద్దల తీర్పు ఇదే. మేనత్త కూడా అదే అంది. పెళ్ళి కాదంటే రెండున్నర లక్షలు ‘తప్పు’ కింద కట్టిస్తామన్నారు.

జరిగిన పని తప్పని ఎవరూ వాదించలేదన్నది గమనించాలి. అది తప్పే, కానీ దిద్దుకోదగ్గ తప్పు. పెళ్ళి అనే నీళ్ళు చల్లితే కడుక్కుపోయే తప్పు. రోజూ ఆ మనిషి పక్కన పడుకోవాల్సిన పిల్లకు అది ఎలా ఉంటుందన్నది ఆ లెక్కలోకి రాదు. మదన్‌లాల్ కేసులో 2015లోనే సుప్రీంకోర్టు, అత్యాచారం కేసుల్లో రాజీ అన్న ఆలోచనకే తావు లేదని, పెళ్ళి ప్రతిపాదన కూడా ఆ రాజీ కిందికే వస్తుందని చెప్పింది. 2021 మార్చిలో అపర్ణా భట్ కేసులో, బెయిలు ఇచ్చేటప్పుడు న్యాయమూర్తులు కూడా పెళ్ళి, రాజీ లాంటి సూచనలు చేయకూడదని ఆదేశించింది. న్యాయమూర్తులకే సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే, మా ఊరి అరుగు మీద కూర్చున్నవాళ్ళ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

నిందితుడు తెలిసినవాడే కావడం వింత కూడా కాదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 31,516 అత్యాచారం కేసులు నమోదైతే, నూటికి 95కి పైగా కేసుల్లో నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడు. అయినా మనం ఆడపిల్లలకు నేర్పేది కొత్తవాళ్ళతో జాగ్రత్త అనే.

ఇంకో మాట చెప్పక తప్పదు. ఇదే పని వేరే కులం కుర్రాడు చేసి ఉంటే ఊరు ఇలా ఉండేది కాదు. సెంటర్లో టెంటు వేసేవాళ్ళు, ఫ్లెక్సీ కట్టేవాళ్ళు, రోడ్డు మీద బైఠాయించేవాళ్ళు. లక్ష్మికి న్యాయం కావాలన్న ఆవేశం అప్పుడు ఎక్కడి నుంచో పుట్టుకొచ్చేది. ‘మనలో మనం’ అయ్యేసరికి అది ఆరిపోయింది. రెండు సందర్భాల్లోనూ లక్ష్మి గురించి ఆలోచించేవాళ్ళు తక్కువే.

మాటల చిట్టా

మూడో సిట్టింగ్‌లో లక్ష్మి, “రాత్రి పడుకుంటే జరిగింది గుర్తురావడం ఒక ఎత్తండి, ఎవరెవరు ఏమన్నారో అదంతా చెవిలో తిరగడం ఇంకో ఎత్తు” అంది. అప్పుడొక వంద పేజీల నోటుబుక్కు ఇచ్చి, ఎవరైనా ఈ విషయం మీద ఏమన్నా అంటే తేదీ వేసి రాసుకోమన్నాను. చెవిలోది కాగితం మీదికి వస్తే కొంత పట్టు దొరుకుతుందని నా ఆలోచన. తొమ్మిది వారాల్లో 58 మాటలు రాసింది. గుండ్రటి చేతిరాత, ప్రతి మాట కిందా సన్నని గీత.

కొన్ని అలాగే ఇస్తున్నాను.

“అరిస్తే పక్క చెరువుల కాడ కాపలావాళ్ళకి వినపడదా?”

“కంపెనీ ఉద్యోగాలంటే అంతేనండి, చూస్తున్నాం కదా.”

“తల్లి డబ్బుల కోసం దేశం దాటిపోయి కూచుంటే పిల్లలు ఇలాగే అవుతారు.”

“బంగారంలాంటి పిల్లండి. పాడైపోయింది పాపం.”

“కేసు పెడితే రేపు నిన్నెవడు చేసుకుంటాడే?”

“ఏమీ జరగలేదనుకో. తలస్నానం చేసి గుడికెళ్ళిరా.”

“సర్కారు డబ్బులొస్తాయటగా, అందుకేనేమో.”

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. అత్యాచార బాధితులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇచ్చే పథకం ఒకటుంది. జాతీయ న్యాయ సేవల సంస్థ 2018లో తయారుచేసినదాని ప్రకారం అది 4 లక్షల నుంచి 7 లక్షల దాకా. లక్ష్మి దానికి పెట్టుకున్న దరఖాస్తు సంగతి ఎలాగో బయటికి పొక్కింది. అరుగు మీద రెండున్నర లక్షలు తీసుకుని నోరు మూసుకుంటే మర్యాదస్తుల ఇల్లు. చట్టం ఇచ్చేది అడిగితే అమ్ముకున్న ఇల్లు. ఈ లెక్క నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

చిట్టా తిరగేస్తుంటే నాకు రెండు విషయాలు తగిలాయి. మొదటిది, ఏడో నంబరు మాట నాది. ‘అంత చీకట్లో అతని బండి ఎందుకు ఎక్కావమ్మా – మేడంగారు’ అని తేదీతో సహా ఉంది. ఆ పేజీ తిప్పకుండా ఆమె నా ముఖంలోకి చూసింది. “అది నేను అడగకూడని మాట, లక్ష్మీ. తప్పు నాది” అన్నాను. ఆమె ఏమీ అనలేదు. పెన్ను తీసి దాని పక్కన చిన్న చుక్క పెట్టింది. ఆ చుక్కకి అర్థమేంటో నేను అడగలేదు.

రెండోది, ఆ 58లో తిట్టు అనదగ్గవి అయిదో ఆరో. మిగతావన్నీ మంచి కోరి అన్నవే. జాలితో అన్నవి, జాగ్రత్త కోసం అన్నవి, ఆ పిల్ల బతుకు ఎలాగోలా ఒడ్డున పడాలని అన్నవి. ‘పాడైపోయింది’ అన్నావిడ నిజంగా కళ్ళు తుడుచుకుంటూనే అంది. ఈ పనిలో ఇన్నేళ్ళు ఉండీ నేను శత్రువుల మాటల గురించే ఎక్కువ ఆలోచించాను. పిల్లను కుంగదీసింది అయినవాళ్ళ మాటలు. తిట్టినవాళ్ళ మీద కోపం తెచ్చుకోవచ్చు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళ మీద ఎలా తెచ్చుకోవడం?

‘పాడైపోయింది’ అన్న మాట మీద మేము ఒక సిట్టింగ్ మొత్తం గడిపాం. పాడయ్యేవి ఏవేవి? పాలు, కూర, మోటారు, రోడ్డు. మనిషికి కాలు విరిగితే పాడైపోయాడు అంటామా? దొంగతనం జరిగితే ఇల్లు పాడైపోయింది అంటామా? లక్ష్మి చాలాసేపు ఆలోచించి, “రొయ్య పాడైతే మేము పక్కకి తీసేస్తామండి గ్రేడింగ్‌లో. బెల్టు మీద ఉంచం” అంది. ఆ మాట ఆమెను ఎక్కడ కోసిందో అప్పుడు నాకు తెలిసింది.

ఎందుకు అరవలేదు

58 మాటల్లో పదకొండు ఈ ప్రశ్నకే రకరకాల రూపాలు. ఆమె నాతో చెప్పింది ఇది: “గొంతు పెగల్లేదండి. కాళ్ళూ చేతులూ నావి కానట్టు అయిపోయాయి. షెడ్డు రేకు మీద వాన చప్పుడు మాత్రం వినపడింది.”

ఇది పిరికితనమూ కాదు, ఒప్పుకోలూ కాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు శరీరం తిరగబడొచ్చు, పారిపోవచ్చు, లేదా బిగుసుకుపోవచ్చు. మూడోది మన చేతిలో ఉండదు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల అత్యవసర క్లినిక్‌కి వచ్చిన 298 మంది మహిళల మీద 2017లో ప్రచురించిన అధ్యయనంలో 70 శాతం మంది ఆ సమయంలో చెప్పుకోదగ్గంతగా కదల్లేని స్థితికి వెళ్ళారని తేలింది. అలా బిగుసుకుపోయినవాళ్ళకే తర్వాత మానసిక గాయం ముదిరే అవకాశం ఎక్కువని కూడా తేలింది. అంటే ‘ఎందుకు అరవలేదు’ అని మనం గుచ్చిగుచ్చి అడిగేది ఎక్కువ దెబ్బతిన్నవాళ్ళనే.

మన న్యాయస్థానాలూ ఒకప్పుడు ఇదే ప్రశ్న అడిగాయి. మహారాష్ట్రలో 1972లో మధుర అనే ఆదివాసీ బాలికపై పోలీస్ స్టేషన్‌లోనే అఘాయిత్యం జరిగితే, ఒంటి మీద గాయాలు లేవు, ప్రతిఘటించిన గుర్తులు లేవు అంటూ సుప్రీంకోర్టు చివరికి పోలీసులను వదిలేసింది. దాని మీద 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ దేశాన్ని కదిలించాకే 1983లో చట్టం మారింది. మనకు ఇంకా దగ్గరిది, 1978లో హైదరాబాద్‌లో రమీజాబీ కేసు. ఆమె మీద అత్యాచారం జరిగింది, భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. విచారణలో చర్చంతా ఆమె ఎలాంటిదన్న దాని చుట్టూ తిప్పారు. ఇప్పుడు బాధితురాలి నడవడిక, గతం గురించిన సాక్ష్యం సమ్మతి విషయంలో చెల్లదని చట్టంలోనే ఉంది. 2022 అక్టోబరు 31న సుప్రీంకోర్టు, బాధితురాలు లైంగిక సంబంధాలకు అలవాటు పడిందా అని చూసే రెండు వేళ్ళ పరీక్ష చేసిన డాక్టర్లు దుష్ప్రవర్తన కింద దోషులని కూడా చెప్పింది. చట్టం ఇంత దూరం వచ్చింది. అరుగు ఇంకా 1972లోనే ఉంది.

ఈ బిగుసుకుపోవడం గురించి బొమ్మ గీసి చెప్పినప్పుడు లక్ష్మి మొదటిసారి ఏడ్చింది. “అంటే నేను ఊరుకున్నట్టు కాదా?” అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ కాదనే చెప్పాను.

ఏరేటర్ చప్పుడు

డెల్టాలో రొయ్యల చెరువున్న ఊళ్ళో రాత్రంతా ఏరేటర్లు, అంటే నీళ్ళలోకి గాలి ఎక్కించే యంత్రాలు, తిరుగుతూనే ఉంటాయి. నీళ్ళను కొడుతూ ఒక మొరటు శబ్దం. మనకు అలవాటై వినపడదు. లక్ష్మికి ఆ చప్పుడే శత్రువైంది. సాయంత్రం ఆరింటికి అవి మొదలవగానే చెమటలు, గుండెదడ, తలుపులు మూసుకోవడం. ఇల్లు మారదామంటే ఏ ఊరికి పోయినా ఏరేటరే.

జిల్లా ఆసుపత్రి సైకియాట్రిస్టు నిద్రకీ ఆందోళనకీ మందులు రాశారు. నా వైపు నుంచి ఊపిరి మీద, పాదాల కింది నేల మీద ధ్యాస నిలిపే అభ్యాసాలు చేయించాను. తర్వాత నా ఫోన్‌లో రికార్డు చేసిన ఏరేటర్ శబ్దాన్ని పగటిపూట, మా గదిలో, ఆమె చేతిలోనే వాల్యూమ్ పెట్టి వినిపించాను. మొదటి రోజు పది సెకన్లు. నెల రోజులకు అయిదు నిమిషాలు.

మానసిక గాయం తీవ్రత కొలవడానికి పీసీఎల్-5 అనే 20 ప్రశ్నల పత్రం వాడతాం. 80కి లెక్క. 31-33 దాటితే గట్టిగా పట్టించుకోవాలి. లక్ష్మికి మొదట 57 వచ్చింది. ఆరో వారానికి 44కి దిగింది. మందు పడింది అనుకున్నాను. ఎనిమిదో వారం చూస్తే మళ్ళీ 55.

నిందితుడు ఎదురుపడ్డాడేమో అనుకున్నాను. అతను అప్పటికి రిమాండులోనే ఉన్నాడు. జరిగింది వేరు. పెదనాన్న కూతురి పెళ్ళి. తోడు పెళ్ళికూతురిగా లక్ష్మినే కూర్చోబెడతామని ఏడాది కిందటే అనుకున్నారు. చీర కూడా కొన్నారు. మంగళస్నానాల ఉదయం పెద్దమ్మ వచ్చి, “నువ్వు అలిసిపోయి ఉన్నావు తల్లీ, లోపల పడుకో, చిన్నదాన్ని కూర్చోబెడతాంలే” అని నెమ్మదిగా అంది. నుదుటి మీద ముద్దు కూడా పెట్టిందట. లక్ష్మి లోపలి గదిలో కూర్చుని బయట మేళం విన్నది. చిట్టాలో 49వ మాట అదే.

అతను ఊళ్ళో లేడు. షెడ్డు ఈ గదికి మైళ్ళ దూరం. అయినా ఒక్క ఉదయంలో పదకొండు పాయింట్లు పెరిగాయి. చుట్టూ ఉన్నవాళ్ళ స్పందనను బట్టి ఈ గాయం మానడమో ముదరడమో జరుగుతుందని పుస్తకాల్లో చదివాను, క్లాసుల్లో చెప్పాను. కాగితం మీద ఆ గీత లేవడం చూస్తే వేరు.

తల్లి గొంతు, నాయనమ్మ మాట

చిట్టాలో మేలు చేసిన మాటలు నాలుగే. ఒకటి ప్లాంటులో పక్కనావిడది: “నీ చోట ఇంకెవర్నీ నిలబడనివ్వలేదే.” ఇంకోటి ఇంటికి వచ్చి స్టేట్‌మెంట్ రాసుకున్న మహిళా ఎస్సైది: “ఆగి ఆగి చెప్పమ్మా, నాకేం తొందర్లేదు.” బాధితురాలు కోరిన చోట, మహిళా అధికారే వాంగ్మూలం తీసుకోవాలన్నది నియమమే. కానీ ఆ నియమాన్ని ఆవిడ పాటించిన తీరులో మనసుంది.

మిగతా రెండూ తల్లివి. రెండేళ్ళ ఒప్పందం మధ్యలో ఆవిడను పంపలేదు. విషయం తెలిసిన రాత్రి వాయిస్ మెసేజ్ పెట్టింది. లక్ష్మి నాకు వినిపించింది. వెనక గిన్నెల చప్పుడు, అరబీలో ఎవరో పిలుస్తున్నారు. ఆవిడ గొంతు తగ్గించి, “అమ్మలూ, నువ్వేం తప్పు చెయ్యలేదు. నువ్వు నా కూతురివి. పెళ్ళి గిళ్ళి అంటే ఒప్పుకోకు, నేనున్నాను” అంది. 14 సెకన్లు. ఎన్నిసార్లు విన్నావని అడిగితే లెక్క పెట్టలేదంది. ఫోన్ అద్దం పగిలి వేలు గీసుకుంటున్నా, రిపేరుకిస్తే మెసేజ్ పోతుందేమోనని ఇవ్వలేదు.

నాయనమ్మతో నేను నాలుగుసార్లు మాట్లాడాను. మొదటిసారి ఆవిడ ఒకే సామెత పట్టుకుని కూర్చుంది. “ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్ళి ముల్లు మీద పడ్డా, సిరిగేది ఆకేగా మేడంగారూ.” మూడోసారి పెరట్లో కొబ్బరి ఈనెలు చీరుతూ, నా వైపు చూడకుండా అంది: “మా రోజుల్లో ఏం చేసేవోళ్ళం? కాలవలో మునిగి, తడిబట్టల్తో ఇంటికొచ్చి పొయ్యి ఎలిగించేవోళ్ళం. ఎవరికి సెప్పాం?”

‘మేము’ అంది. నేను ఏమీ అడగలేదు. ఈనె చీరే కత్తి మాత్రం కాసేపు ఆగింది. “మీకు ఎవరూ ఆస్పత్రి చూపించలేదు కదమ్మా” అన్నాను. తల ఊపింది. పోయేటప్పుడు గేటు దాకా వచ్చి, “పిల్లకి రాసే మందులు ఎన్నాళ్ళు ఏసుకోవాలి?” అని అడిగింది. ఆ రోజు నుంచి రాత్రి మాత్ర ఆవిడే చేతికిచ్చేది. ఆవిడకు చదువు రాదు కాబట్టి, రేకు మీద తెల్లదారం కట్టి గుర్తు పెట్టుకుంది.

ఇప్పుడు

ఆరో నెలకు పీసీఎల్-5 స్కోరు 26. లక్ష్మి ప్లాంటుకి వెళ్తోంది. వంతెన నుంచి ఇంటికి పక్కనావిడ కొడుకు ఆటో. నిందితుడు బెయిలు మీద వచ్చాడు. ఊళ్ళోకి రాకూడదన్న షరతు ఉంది. మొదట్లో ఒకటి రెండుసార్లు టీ కొట్టు దగ్గర కనపడితే, లక్ష్మి తండ్రే స్టేషన్‌కి వెళ్ళి రాసిచ్చాడు. ఆ పని చేసినందుకు ఆయన ఒలుపు పని పోయింది. కళ్ళం యజమాని అవతలివాళ్ళ చుట్టం. “కొన్నాళ్ళు రాకులే” అన్నాడు. ఇప్పుడు పక్క మండలానికి సైకిలు మీద పోయి పని చేసుకుంటున్నాడు. ఈ నష్టానికి ఏ పథకమూ లేదు. పెద్దమ్మ ఇంటితో రాకపోకలు ఇంకా సరిగా లేవు. తల్లి ఒప్పందం ముగించుకుని వచ్చేసింది.

లక్ష్మి సాక్ష్యం చెప్పాల్సిన రోజు నేనూ వెళ్ళాను. ఇలాంటి కేసుల్లో విచారణ మూసిన తలుపుల వెనకే జరుగుతుంది. లోపలికి ఆమెతో పాటు తల్లిని పంపారు. నేనూ నాయనమ్మా వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నాయనమ్మ ఒళ్ళో పులిహోర క్యారేజీ. లోపల పిల్లకు ఆకలేస్తుందేమోనని గంటకోసారి మూత తీసి చూసుకుంటోంది. పక్క బల్ల మీద ఎవరో పొలం గొడవల మీద వచ్చినావిడ పలకరించి, గొంతు తగ్గించి, “ఏం కేసండి పాపం?” అని అడిగింది.

నాయనమ్మ గొంతు తగ్గించలేదు. “మా మనవరాలు సాక్షండి. ముద్దాయి ఆడు, అద్గో ఆ చివర నించున్నాడు” అంది.